నూనెలో వచ్చిన ముక్క

పిల్లలూ! మీలో పాత గడియారం విప్పి చూసినవాళ్ళు ఉండే ఉంటారు. విప్పటం తేలిక. తిరిగి బిగించేటప్పుడే వస్తుంది చిక్కు. అన్నీ బిగించామనుకుని తల ఎత్తి చూస్తే, బల్లమీద ఒక చిన్న మర మిగిలిపోయి ఉంటుంది! ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో సైన్సు చెప్పినవాణ్ణి గనక, ఇట్లా మిగిలిపోయిన మరలు నేను చాలా చూశాను. నాన్నగారు వచ్చేలోగా దాన్ని జేబులో దాచేసిన వీరులను కూడా చూశాను.

అయితే ఇందులో ఒక సదుపాయం ఉన్నది. ఆ మర ఆ గడియారానిదే అని మనకు తెలుసు. ఎక్కడ పెట్టాలో తెలియదు, అంతే. దీనికి సరిగ్గా ఎదురైన సంగతి మరొకటి ఉన్నది. మనం ఏమీ విప్పకుండానే, మూసి ఉన్న యంత్రంలోనుంచి ఒక ముక్క బయటికి వచ్చిందనుకోండి. అది ఎక్కడిది? ఎవరు పడేశారు? ఇక్కడ ఊహలు బయలుదేరుతాయి, ఊహల వెంట నిందలు బయలుదేరుతాయి. 2023 కార్తీకమాసంలో నా కారుకు ఇట్లాగే జరిగింది. ఆ ముక్కలో ఒక కుర్రవాడి పని, మా పిల్లల ప్రయాణం రెండూ ఇరుక్కున్నాయి. అందుచేత మీకు వివరంగా చెబుతాను.

ముందు గేరుబాక్సు అంటే ఏమిటో తెలియాలి. మీ సైకిలును చూడండి. పెడలు దగ్గిర పెద్ద పళ్ళచక్రం, వెనక చిన్న పళ్ళచక్రం ఉంటాయి. పళ్ళు లెక్కపెట్టండి. నా సైకిలుకు ముందు 48, వెనక 18 ఉన్నాయి. అంటే పెడలు మూడుసార్లు తిరిగితే వెనక చక్రం ఎనిమిదిసార్లు తిరుగుతుంది. వేగం వచ్చింది గదా! మరి వంతెన ఎక్కేటప్పుడు ఏమవుతుంది? రొప్పు వస్తుంది. వేగం ఎక్కువైతే బలం తక్కువ, బలం ఎక్కువైతే వేగం తక్కువ. రెండూ ఒకేసారి ఎవరూ ఇవ్వరు.

కారు ఇంజనుకు కూడా ఇదే ఇబ్బంది. కారు కదలాలంటే బలం కావాలి. కదిలి రోడ్డెక్కిన తరవాత వేగం కావాలి. అందుకని రకరకాల పళ్ళచక్రాలను జతలు జతలుగా ఒక పెట్టెలో అమర్చారు. 18 పళ్ళ చక్రం 54 పళ్ళ చక్రాన్ని తిప్పితే, చిన్నది మూడు చుట్లు తిరిగేసరికి పెద్దది ఒక్క చుట్టు తిరుగుతుంది. కాని తిప్పే బలం సుమారు మూడింతలవుతుంది. డ్రైవరు చేతికింద ఉండే గేరురాడ్డు ఏ జత పనిచెయ్యాలో నిర్ణయిస్తుంది. ఇదే గేరుబాక్సు.

ఈ చక్రాలన్నీ చిక్కని నూనెలో తిరుగుతాయి. ఉక్కు పన్నుమీద ఉక్కు పన్ను ఎంత గట్టిగా నొక్కుతుందంటే, మామూలు నూనె మధ్యలోనుంచి జారిపోతుంది. అందుచేత గేరు నూనెలో గంధకం కలిసిన మందులు వేస్తారు. డబ్బా మూత తీసి వాసన చూస్తే ముక్కు మూసుకుంటారు. కాని పళ్ళను కాపాడేది ఆ వాసనే అనుకోండి! నా కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో 40,000 కిలోమీటర్లకు ఒకసారి ఈ నూనె మార్చాలని ఉన్నది.

ఇక జరిగిన సంగతికి వస్తాను. మేము ఉండేది తెనాలి. నా మనవడు, మనవరాలు హైదరాబాదునుంచి వచ్చారు. మర్నాడు తెల్లవారగట్ల బయలుదేరి, గుంటూరు, వినుకొండ, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళాలని అనుకున్నాం. దోర్నాల దాటింది మొదలు నల్లమల అడవిలో మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు. ఘాట్ దిగేటప్పుడు బండిని కిందిగేరులోనే ఉంచాలి. అప్పుడు ఇంజనే బండిని వెనక్కు పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలిపోవు. కనక అటువంటి దారిలో గేరుబాక్సు సరిగా ఉండటమంటే, మా అందరి ప్రాణాలు సరిగా ఉండటమే.

నూనె మార్చే గడువు ఎట్లాగూ వచ్చింది గనక, ముందురోజు మధ్యాహ్నం కారును మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాను. షెడ్డు మేస్త్రీ పని తెలిసినవాడు. కోపం ముందు, ఆలోచన తరవాత. అతని దగ్గిర పందొమ్మిదేళ్ళ కుర్రవాడు ఒకడు పని నేర్చుకుంటున్నాడు. మా బడిలో పదో తరగతి దాకా చదివినవాడే. ఇంటర్ మధ్యలో మానేశాడు. వాడి తల్లి మిషను కుట్టి సంసారం నడుపుతున్నది.

కారును గుంతమీద నిలబెట్టారు. ఇంజను అప్పటికి వేడిగానే ఉన్నది. వేడిగా ఉంటేనే నూనె పలచబడి, అడుగున ఉన్న మడ్డితో సహా కిందికి వస్తుంది. కుర్రవాడు రేకు పళ్ళెం తెచ్చి, డీజిలుతో కడిగి, గుడ్డతో శుభ్రంగా తుడిచి గుంతలోకి దిగాడు. నేను అక్కడే స్టూలుమీద కూర్చుని అంతా చూస్తున్నాను. గేరుబాక్సుకు రెండు బిరడాలు ఉంటాయి. నూనె పోసేది పైన, వదిలేది కింద. వాడు ముందు పైదాన్ని విప్పాడు.

"కిందిది గదా విప్పాలి? పైది ఎందుకు విప్పావు?" అని అడిగాను, వాడు ఏమంటాడో చూద్దామని.

"పైది తుప్పుపట్టి రాలేదనుకోండి మాస్టారూ, కిందినుంచి నూనె వదిలేసిన తరవాత ఎట్లా పోస్తాం?" అన్నాడు.

నా ప్రశ్నాపత్రంలో దీనికి పూర్తి మార్కులు!

తరవాత కింది బిరడా విప్పాడు. నల్లని నూనె లావుపాటి ధారగా పళ్ళెంలోకి దిగింది. ధార సన్నబడే సమయానికి "టింగు" మని ఒక చప్పుడు వినిపించింది. కుర్రవాడు నూనెలో చెయ్యి పెట్టి తడిమి, ఒక ఇనపముక్క పైకి తీశాడు.

అది పెద్దదేమీ కాదు. ఒకటిన్నర సెంటీమీటర్ల పొడుగు, అర సెంటీమీటరు వెడల్పు ఉంటుంది. బల్లపరుపుగా ఉండి, సరిగ్గా నడుమ ఆంబోతు మూపురంలాగా చిన్న ఎత్తు ఉన్నది. ఒక కొన విరిగిపోయింది.

"ఏమిట్రా అది?" అన్నాడు మేస్త్రీ.

"తెలీదన్నా. నూనెలోనుంచి పడింది."

"నూనెలోనుంచి ఎట్లా పడుతుందిరా? పొద్దున వ్యాను సైలెన్సరు విప్పి సామానంతా ఇక్కడ పరిచావు. అందులోది ఏదో నీ చేతినుంచో గుడ్డలోనుంచో జారి పళ్ళెంలో పడి ఉంటుంది," అని మేస్త్రీ కేకలేశాడు. తరవాత నాకేసి తిరిగి, "పోయినవారం ఒక నట్టు పోగొట్టాడండి మాస్టారూ, దానికోసం ఒక బండి నాలుగురోజులు ఆగిపోయింది. ఇంకోసారి ఇట్లా జరిగితే ఇంటికి పొమ్మని చెప్పాను. మీరేమీ కంగారు పడకండి. కొత్త నూనె పోసేస్తాను, రేపు నిశ్చింతగా వెళ్ళిరండి," అన్నాడు.

కుర్రవాడు మాట్లాడలేదు. గుంతలోనుంచి పైకి కూడా రాలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మేస్త్రీ చెప్పినది అసంభవమేమీ కాదు. షెడ్డులో సామాను ఒకదానిలో ఒకటి కలవటం మామూలే. నాకూ ఆ మాట నమ్మాలనే ఉన్నది! నమ్మితే తెల్లవారగట్ల ప్రయాణం సాగిపోతుంది. పిల్లలు అప్పటికే సంచులు సర్దుకున్నారు. కాని మనకు అనుకూలంగా ఉన్న జవాబు వేరు, సరయిన జవాబు వేరు. అదీగాక, ఆ జవాబుకు ఖరీదు గుంతలో నిలబడ్డ కుర్రవాడు చెల్లించాలి.

"తొందరలేదు మేస్త్రీ. వాణ్ణి తరవాత అడగవచ్చు. ముందు ఈ ముక్కను అడుగుదాం," అన్నాను.

"ముక్క ఏం చెబుతుందండీ!" అని మేస్త్రీ నవ్వాడు. కాని పెద్దవాణ్ణి గనక కాదనలేకపోయాడు.

కింది బిరడా కొనకు చిన్న అయస్కాంతం ఉంటుంది. ముక్కను దానికి దగ్గిరగా పెడితే టక్కున అంటుకున్నది. అంటే ఇనుమో, ఉక్కో. గేరుబాక్సు పెట్టె అల్యూమినియంతో చేసినది గనక, ఇది పెట్టె పెచ్చు మటుకు కాదు. అయితే ఇంతటితో కుర్రవాడు గెలవలేదు. సైలెన్సరు సామాను కూడా ఇనుమే గదా! రెండు పక్షాలకూ సమానంగా సరిపోయే సాక్ష్యం సాక్ష్యమే కాదు.

ఆ తరవాత ఆకురాయి తెప్పించాను. వ్యానుకు సంబంధించిన పట్టీమీద, బోల్టుమీద రుద్దితే ఆకురాయి పట్టి, తెల్లగా గీత పడింది. మన ముక్కమీద రుద్దితే గాజుమీద రుద్దినట్టు జారిపోయింది. పళ్ళచక్రాల్లోనూ వాటి పక్కన పనిచేసే భాగాల్లోనూ వాడే ఉక్కును ఎర్రగా కాల్చి, చప్పున చల్లార్చి గట్టిపరుస్తారు. ఆకురాయి దాన్ని కొరకలేదు. సైలెన్సరును పట్టి ఉంచే పట్టీకి అంత గట్టిదనం అవసరం లేదు, దానికోసం ఎవరూ ఖర్చు పెట్టరు కూడా.

మూడోది భూతద్దం. అది ఎప్పుడూ నా సంచీలో ఉంటుంది. మూపురం ఒకవైపున అరిగి అద్దంలాగా మెరుస్తున్నది. మూలల్లో గోధుమరంగు జిగురు పట్టి ఉన్నది. గుడ్డతో తుడిచినా పోలేదు. వేడి నూనెలో చాలాకాలం మునిగి ఉన్న ఇనుముకే అటువంటి పూత పడుతుంది. పొద్దున బల్లమీదనుంచి జారినదానికి మట్టి పడుతుంది గాని ఈ పూత పట్టదు.

నాలుగోది పళ్ళెంలోని నూనె. దాన్ని ఎండలోకి తీసుకుపోయి నెమ్మదిగా కదిపితే, పసుపు పచ్చని రజను తళుక్కు తళుక్కుమన్నది. అయస్కాంతం ముంచితే ఆ రజను అంటుకోలేదు. ఇత్తడి అన్నమాట!

"మేస్త్రీ, గేరుబాక్సులో ఇత్తడి ఎక్కడుంటుంది?" అని అడిగాను.

మేస్త్రీ ముఖం మారింది. "గేరు గేరుకూ మధ్య ఇత్తడి రింగులుంటాయండీ," అన్నాడు నెమ్మదిగా. "మూడో గేరు పడేటప్పుడు చప్పుడేమన్నా వస్తున్నదా?"

నెలరోజులుగా మా ఇంటావిడ ఆ మాటే అంటున్నది. మూడో గేరు వేసినప్పుడల్లా రోటిలో మిరపకాయలు నూరుతున్నట్టు ఉన్నదని ఆవిడ ఫిర్యాదు. ఆ సంగతి నేను మేస్త్రీకి చెబితే, నూనె మారిస్తే పోతుందన్నాడు.

అప్పుడు గుంతలోనుంచి కుర్రవాడి గొంతు వినిపించింది. "అన్నా, అది మూడో గేరు కీ ఏమో. అవి మూడు ఉంటాయి గదా, మధ్యలో బొడిపె ఉంటుంది. అటకమీద పాత గేరుబాక్సు ఉన్నది, దాంట్లో చూశాను."

మేస్త్రీ తానే అటకెక్కి ఆ పాత సామాను దింపాడు. అందులోనుంచి ఊడదీసిన కీని మన ముక్కపక్కన పెట్టి చూశాం. కొలత కొంచెం తేడా, వేరే బండిది గనక. మిగతా అంతా అచ్చు అదే. నడుమ మూపురంతో సహా!

ఈ కీ చేసే పనేమిటో మీకు చెప్పాలి. అది చాలా ముచ్చటైన పని.

మీ బడి ఆటలపోటీల్లో రిలే పందెం చూశారుగదా? కర్ర పట్టుకుని ఒకడు పరుగెత్తుకుంటూ వస్తాడు. అందుకోవలసినవాడు కదలకుండా నిలబడి ఉంటే ఏమవుతుంది? కర్ర జారుతుంది, లేదా ఇద్దరూ ఢీకొంటారు. అందుకని రెండోవాడు ముందుగానే పరుగు అందుకుంటాడు. ఇద్దరి వేగం ఒకటైనప్పుడు కర్ర చేతులు మారుతుంది. గేరు మార్చటం కూడా ఇంతే. తిరిగే ఇరుసు వేగం ఒకటి, దానితో కలవవలసిన పళ్ళచక్రం వేగం మరొకటి. వేగాలు కలవకముందే పళ్ళు కలపాలని చూస్తే గర్రుమంటుంది.

వెనకటి డ్రైవర్లు ఈ వేగాలను కాలితోనూ చెవితోనూ కలిపేవాళ్ళు. క్లచ్చి ఒకసారి తొక్కి, వదిలి, ఇంజను వేగం సరిచేసి, మళ్ళీ తొక్కి గేరు వేసేవాళ్ళు. అది ఒక విద్య. అమెరికాలో ఎర్ల్ థామ్సన్ అనే ఇంజనీరు ఈ పని యంత్రమే చేసుకునే ఉపాయం కనిపెట్టాడు. దాన్ని 1928లో కాడిలాక్ కార్లలో మొదటిసారి పెట్టారు. పళ్ళచక్రానికి పక్కన శంకువులాగా నున్నని భాగం ఒకటి ఉంటుంది. దానిమీదికి ఇత్తడి రింగు వచ్చి ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడితో రెండింటి వేగం ఒకటవుతుంది. అప్పుడు పళ్ళు చప్పుడు లేకుండా కలుస్తాయి. ఇదంతా మనం గేరురాడ్డు కదిపే ఒక్క క్షణంలో జరిగిపోతుంది. మా కారులో ఆ ఇత్తడి రింగును ముందుకు నెట్టేవే ఈ మూడు బుల్లి కీలు. వాటిని లోపలినుంచి రెండు వృత్తాకారపు స్ప్రింగులు పట్టి ఉంచుతాయి.

స్ప్రింగు విరిగిందనుకోండి, కీ జారుతుంది. కీ జారితే రింగు సరిగా నొక్కుకోదు. ఊరికే ఒరుసుకుని అరుగుతుంది. నూనెలో పసుపు పచ్చని రజను అందుకే! చప్పుడుకూ కారణం అదే. జారిన కీ అడుగున మడ్డిలో పడి ఉంటే ఫరవాలేదు. అట్లా కాక, తిరిగే పళ్ళ మధ్య పడితే పళ్ళు విరగవచ్చు, గేరుబాక్సు బిగుసుకుపోవచ్చు. ఘాట్ మలుపులో అట్లా జరిగితే ఏమయ్యేదో ఆలోచించటం నాకు ఇష్టం లేదు.

"ఇంత చిన్నముక్కకు ఎంత రభస!" అని షెడ్డుకు వచ్చిన మరొక పెద్దమనిషి అన్నాడు. ఆయనకు కాంకార్డు విమానం సంగతి చెప్పాను. మీరూ వినండి. 2000వ సంవత్సరం జూలై 25న పారిస్ విమానాశ్రయంలో, ధ్వనికన్నా వేగంగా పోయే కాంకార్డు విమానం ఒకటి పైకి లేవటానికి పరుగెత్తుతున్నది. రన్‌వేమీద సుమారు 43 సెంటీమీటర్ల పొడుగున్న లోహపు బద్ద ఒకటి పడి ఉన్నది. దానిమీదినుంచి పోయిన టైరు పగిలింది, టైరుముక్క ఎగిరి రెక్క అడుగున ఉన్న ఇంధనపు తొట్టికి తగిలింది, మంటలు లేచాయి. విమానంలో ఉన్న 109 మంది, నేలమీద నలుగురు చనిపోయారు. దర్యాప్తు చేసినవారు ఆ బద్దను చెత్త అని పారెయ్యలేదు. దాని ఆకారం, దానికున్న రివెట్ల రంధ్రాలు పట్టుకుని వెతికి, అంతకు కొద్దినిమిషాల ముందు అదే రన్‌వేమీదినుంచి లేచిపోయిన మరొక విమానం ఇంజనుపై కప్పునుంచి అది ఊడిందని తేల్చారు. ఖాళీగా ఉన్న చోటు, దొరికిన ముక్క రెండూ సరిపోయాయి.

పెద్దమనిషి మరి మాట్లాడలేదు. నేనూ ఆ రాత్రి పిల్లలతో ప్రయాణం ఆగిపోయిందని చెప్పాను. మనవరాలు ముఖం ముడుచుకున్నది. మనవడు మటుకు, "ఆ ముక్క చూపించు తాతయ్యా," అన్నాడు.

మర్నాడు గేరుబాక్సు దింపి విప్పారు. మనం అనుకున్నట్టే మూడో గేరు దగ్గిర మూడు కీలకు రెండే ఉన్నాయి. స్ప్రింగు ఒకటి విరిగింది. అయితే విరిగిన ముక్కలన్నీ దొరికితే తప్ప మళ్ళీ మూయటానికి వీల్లేదు. ఒక్క తునక లోపల మిగిలినా చేసినదంతా వృథా. ఒక అట్టముక్కమీద స్ప్రింగు బొమ్మ నిండు కొలతకు గీసి, దొరికిన తునకలను దానిమీద పేర్చమని కుర్రవాడికి చెప్పాను. పెద్దతునక ఒకటి, చిన్నతునక ఒకటి పేర్చాడు. ఇంకా ఒక సెంటీమీటరు చోటు ఖాళీ! కీ నుంచి విరిగిన కొన కూడా కనిపించలేదు.

గంటసేపు వెతికారు. నూనె పళ్ళెం, గుడ్డలు, గుంత అడుగు అన్నీ చూశారు. చివరికి పెట్టె లోపల ఒక మూల అతికించి ఉన్న చిన్న అయస్కాంతం సంగతి మేస్త్రీకి జ్ఞాపకం వచ్చింది. దానిమీద బూడిదరంగు మడ్డి పేరుకుని ఉన్నది. మడ్డి గీకితే రెండు తునకలూ అందులోనే ఉన్నాయి. కుర్రవాడు వాటిని అట్టమీద పెట్టాడు. స్ప్రింగు బొమ్మ నిండింది, కీ కొన కీకి అతికింది.

ఈ అయస్కాంతపు ఉపాయాన్ని హెలికాప్టర్లలో ఇంకా గొప్పగా వాడతారు. హెలికాప్టరు గేరుబాక్సు గాలిలో చెడిపోతే ఆగి చూసుకోవటానికి రోడ్డు పక్కన చెట్టునీడ ఉండదుగదా! అందుచేత నూనె తగిలే చోట అయస్కాంతం, మధ్యన కొద్ది ఎడంతో రెండు లోహపు మొనలు పెడతారు. నూనెగుండా విద్యుత్తు పోదు. ఉక్కుముక్కలు వచ్చి ఆ ఎడాన్ని పూడ్చగానే వలయం పూర్తయి, పైలట్ ముందు హెచ్చరిక దీపం వెలుగుతుంది.

ఇది మీరు ఇంట్లో చేసి చూడవచ్చు. ఒక అట్టమీద రెండు ఇనపమేకులు పడుకోబెట్టి, కొనల మధ్య అర సెంటీమీటరు ఎడం ఉంచి అతికించండి. ఒక టార్చిలైటు సెల్లు, చిన్న బల్బు, తీగలు తీసుకుని మేకులతో వలయం కట్టండి. ఎడం ఉన్నందున బల్బు వెలగదు. ఎడం సరిగ్గా కింద అట్ట అడుగున అయస్కాంతం పట్టుకుని, పైనుంచి గుండుసూదులు రాల్చండి. సూదులు వచ్చి రెండు మేకులకూ అడ్డంగా పడగానే బల్బు వెలుగుతుంది. ఒక్క సెల్లు మాత్రమే వాడాలి. గోడకు ఉన్న ప్లగ్గు జోలికి పోకూడదు సుమా!

విడిభాగాలకోసం మేస్త్రీ కుర్రవాణ్ణే విజయవాడ పంపాడు. విజయవాడ ఆటోనగర్ పేరు మీరు వినే ఉంటారు. లారీలు, బస్సులు, కార్లు బాగుచేసే షెడ్లు, విడిభాగాల దుకాణాలు వీధులకు వీధులున్న పేట అది. కుర్రవాడు పాత కీని అగ్గిపెట్టెలో పెట్టుకుని రైలెక్కాడు. పేరు చెబితే పొరపాటు రావచ్చుగాని, ముక్క చూపిస్తే రాదు. సాయంత్రానికి మూడు కీలు, రెండు స్ప్రింగులు, ఇత్తడి రింగు తెచ్చాడు. పెట్టె విప్పటానికి, సామానుకు, నూనెకు కలిపి ఎనిమిదివేల పైచిలుకు అయింది. పెన్షను డబ్బులో అది తక్కువేమీ కాదు. మా ఇంటావిడ లెక్క రాసుకున్నది గాని, ఏమీ అనలేదు. నెలరోజులనుంచి చెబుతున్నది తానే గదా!

మేస్త్రీ కుర్రవాడితో పొరపాటు పడ్డానని అనలేదు. అనే మనిషి కాదు. అయితే మూడోనాడు గేరుబాక్సు బిగించేటప్పుడు తాను పక్కన కూర్చుని, కీలు, స్ప్రింగులు వాడిచేతనే పెట్టించాడు. రెండు స్ప్రింగుల కొక్కేలూ ఒకే కీలో పడకూడదు, ఎదురుబొదురుగా ఉండాలి. వాడు అది చెప్పకముందే సరిగా పెట్టాడు. టీ వచ్చినప్పుడు మేస్త్రీ మొదటి గ్లాసు వాడికిచ్చి, రెండోది నాకిచ్చాడు. హెడ్మాస్టరుగా పనిచేసినవాణ్ణి, నాకు రెండోది రావటం అదే మొదటిసారి! నాకు చాలా సంతోషమైంది.

అయిదురోజులు ఆలస్యంగా శ్రీశైలం వెళ్ళాం. ఘాట్ దిగుతున్నప్పుడు మూడో గేరు వేసిన ప్రతిసారీ మనవడు చెవి ఒగ్గి విన్నాడు. మిరపకాయల చప్పుడు లేదు.

వెయ్యి కిలోమీటర్లు తిరిగిన తరవాత, ఎవరూ అడగకుండానే, ఆ కుర్రవాడు కారును గుంతమీద పెట్టమన్నాడు. కొత్త భాగాలు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు కొంచెం రజను రావటం సహజమే. ఎంత వచ్చిందో చూడాలన్నాడు. కడిగిన పళ్ళెంలోకి నూనె వదిలి, బిరడా అయస్కాంతంమీద పట్టినదాన్ని తెల్లకాగితంమీద తుడిచాడు. కందిబద్దంత బూడిదరంగు మడ్డి వచ్చింది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాడు.

"మెత్తగా ఉన్నది మాస్టారూ, గరుకు తగలటంలేదు," అని, కాగితం నా చేతికిచ్చి, ముందు పై బిరడాలోనుంచి నూనె పొయ్యటానికి గరాటు వెతుక్కుంటూ పోయాడు. కింది బిరడా బిగించావా అని నేను అడగబోయేలోగానే గుంతలోనుంచి పానా చప్పుడు వినిపించింది.